రొమ్ము ఎముక చాటున

మానవశరీరమునందలి అవయవములలో పెక్కు దేహముతోపాటు పెరిగి, దేహముతోపాటు పండి, దేహముతోపాటు శిథిలమగుచుండగా, రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగమున, శ్వాసనాళమునకు ముందు రెండు రెక్కలుగా పరచుకొనియుండు థైమస్ అను గ్రంథి మాత్రము ఈ మర్యాదను పాటింపదు. పుట్టిననాడు పది పదునైదు గ్రాములుండి, యుక్తవయస్సు నాటికి ముప్పది నలుబది గ్రాములకు పెరిగి, అటుపిమ్మట తన పని తీరినదన్నట్లు ఏటికేడు క్రుంగిపోయి, నడివయస్సు దాటిన మనిషిలో పేరునకు కొన్ని పోగులుగను, చాలవరకు కొవ్వుగను మిగిలిపోవును. ఇట్టి గ్రంథి యెందులకున్నదో వైద్యులకు చాలకాలము తెలియలేదు. తెలియనిదానిని నిష్ప్రయోజనమని త్రోసిపుచ్చుట శాస్త్రజ్ఞులకును అలవాటే.

1961వ సంవత్సరమున లండనులోని చెస్టర్ బీటీ పరిశోధనాలయమున పనిచేయుచుండిన జాక్ మిల్లర్ అను యువశాస్త్రజ్ఞుడు, అప్పుడే పుట్టిన చిట్టెలుకపిల్లల థైమస్‌ను తీసివేసి, అవి పెరిగినకొలది అంటురోగములకు సులువుగా లోబడుటను, పరాయి యెలుక చర్మమును అతికించినను దానిని తిరస్కరింపజాలకుండుటను చూపినపిమ్మట గాని, ఈ కొవ్వుముద్ద బాల్యములో శరీరరక్షణసేనకు శిక్షణాలయముగా నుండెనని లోకమునకు తెలిసిరాలేదు. ఆ రక్షకకణముల కథ వేరొక అధ్యాయమునకు చెందినది. ఇప్పుడు మనము తలచుకొనవలసినవి, ఆ కోటానుకోట్ల కణముల నడుమ అక్కడక్కడ ఒంటరిగా చెదరియుండి హార్మోనులను తయారుచేయు శక్తిగల అంతస్స్రావకణములు. వీనినుండి పుట్టు గడ్డలను అంతకు ముందు సామాన్యపు థైమస్ కణితులలో కలిపి లెక్కించుచుండిరి. 1972లో హువాన్ రోసాయ్, ఎద్గార్దో హీగా అను రోగనిదానశాస్త్రజ్ఞు లిద్దరు ఎనిమిదిమంది రోగుల గడ్డలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, ఇవి ప్రేగులలో పుట్టు కార్సినాయిడ్ గడ్డలకు దాయాదులని వేరుపరచిరి.

ఇవి అత్యంతము అరుదైనవి. అమెరికాలో 1973 మొదలు 2006 వరకు కేన్సరు నమోదుపట్టికలలో ఈ జాతి గడ్డలు 160 మాత్రమే కనబడినవి. లెక్క కట్టగా ఏటా ఏబది లక్షలమందికి ఒక్కటి యని తేలినది. ఆ నిష్పత్తినే 2011 జనాభా లెక్కలలో మూడున్నర కోట్లున్న తెలంగాణమునకు అన్వయించి చూచినచో ఏటికి ఏడుగురు. అందులో హార్మోనును రక్తములోనికి విడిచి దేహమంతటిని అల్లకల్లోలము చేయునవి నాల్గవ వంతు మొదలు మూడవ వంతు వరకు గనుక, ఇద్దరో ముగ్గురో. ఇద్దరు ముగ్గురి కొరకు ఒక అధ్యాయము కావలెనా యని చదువరి అడుగవచ్చును. గడ్డ అరుదుగాని, అది తెచ్చిపెట్టు రక్తపుపోటు, చక్కెర, నీరసము, ముఖపువాపు ఏ ఊరి ఆస్పత్రిలోనైన ప్రతిదినము కనబడు బాధలే. ఆ రద్దీలో ఈ ఒక్కనిని గుర్తుపట్టుట యెట్లు అనునదే యిచ్చటి విషయము. ఈ నిదానమునకు ఒక క్రమమున్నది. క్రమము తప్పినచో ఎంత ఖరీదైన యంత్రమైనను వైద్యుని త్రోవ తప్పించును.

ఆ క్రమమును కొల్లూరులోని ఒక రోగియందు చూతము. కొల్లూరు అనగానే కొందరికి కృష్ణాతీరపు పాత వజ్రపుగనులు స్మరణకు వచ్చును. నేను చెప్పునది ఆ కొల్లూరు కాదు. సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగురోడ్డు ప్రక్కన, 2023 జూన్ నెలలో పదునైదువేలకు పైబడిన డబుల్ బెడ్‌రూమ్ ఇండ్ల సముదాయము ప్రారంభమైన కొల్లూరు. ఒక దిక్కున పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, బొంతపల్లి మొదలగు చోట్లనున్న మందుల కర్మాగారములు, మరియొక దిక్కున గచ్చిబౌలి అద్దాల మేడలు. నడుమ ఈ అంతస్తుల ఇండ్లు. ఇచ్చట కాపురముండి పాశమైలారమునకు షిఫ్టు డ్యూటీకి పోవు నలుబదియేండ్ల కార్మికు నొకని ఊహించుకొందము. ఇతడు నా కల్పన. ఇతని లక్షణములు మాత్రము వైద్యగ్రంథములలోనివే.

ఆరునెలల క్రిందట ఇతనికి రక్తపుపోటు పెరిగినది, మాత్ర లిచ్చిరి. మూడునెలల క్రిందట చక్కెర కనబడినది. వేరొకరు వేరు మాత్ర లిచ్చిరి. కాళ్లు నీరుపట్టి, రాత్రులు నిద్రపట్టక, ముఖము ఉబ్బి, మొటిమలు లేచి, తొడలలో పట్టు సడలినది. రక్తపరీక్షలో పొటాషియము తక్కువగా నున్నదని తేలగా మరియొకరు సిరప్పు వ్రాసిరి. ఈ మూడు చీటీలను ప్లాస్టిక్ సంచిలో వేసికొని భార్య అతనిని వెంటబెట్టుకొనివచ్చి డాక్టరుతో, “సారూ, మనిషి నల్లగైండు. కింద కూసుంటే లేస్తలేడు. మెట్లెక్కాలంటె రైలింగు పట్టుకుంటున్నడు,” అనును. మూడు చీటీలలోను లేని రెండు సంగతులు ఆమె మాటలలో నున్నవి. నలుపు, తొడల బలహీనత. ఈ రెంటిని పోటుతోను చక్కెరతోను పొటాషియముతోను కలిపి ఒక్కటిగా చూడగలిగిన వైద్యునికి సగము నిదానము అచ్చటనే లభించినట్లు.

ఇవి యేల కలిసియుండునో తెలియుటకు దేహములోని ఒక ఆజ్ఞాక్రమమును ఎరుగవలెను. మూత్రపిండములపై టోపీవలె కూర్చుండు అధివృక్కగ్రంథులు కార్టిసాల్ అను హార్మోనును స్రవించును. వాని కాజ్ఞ యిచ్చునది మెదడు అడుగున బఠాణీగింజంత యుండు పీయూషగ్రంథి. ఆ యాజ్ఞకు ఏ.సి.టి.హెచ్. అని పేరు. రక్తములో కార్టిసాల్ చాలినంత చేరగానే పీయూషగ్రంథి ఆజ్ఞను తగ్గించును. తగ్గినపుడు మరల పెంచును. ఉదయము ఎక్కువ, నడిరేయి అత్యల్పము. ఇది ఆరోగ్యవంతుని దినచర్య. థైమస్‌లో పుట్టిన గడ్డ, తనకేమాత్రమును సంబంధములేని ఈ ఏ.సి.టి.హెచ్.ను తయారుచేయ నారంభించినచో, రేయింబవళ్లు ఎడతెగని యాజ్ఞ అధివృక్కములకు చేరుచు, అవి అలుపులేక కార్టిసాల్‌ను కురిపించును. పీయూషగ్రంథి తన పని మానుకొని మౌనము వహించును గాని, దాని మౌనమును ఈ గడ్డ లక్ష్యపెట్టదు.

నలుపు సంగతి యిది. ఏ.సి.టి.హెచ్. ముప్పదితొమ్మిది అమైనోఆమ్లముల గొలుసు. అందు మొదటి పదమూడును చర్మమునకు రంగు నిచ్చు కణములను ప్రేరేపించు వేరొక హార్మోనులోని వానితో అక్షరాల సరిపోవును. కావున ఏ.సి.టి.హెచ్. మితిమీరినచోట అరచేతి గీతలు, వ్రేళ్ల కణుపులు, చిగుళ్లు నల్లబారును. పొటాషియము పోవుటకు కారణము మూత్రపిండములలో నున్నది. అచ్చట కార్టిసాల్‌ను ఎప్పటికప్పుడు నిర్వీర్యము చేయు ఎంజైము ఒకటి కాపలా యుండును. కార్టిసాల్ వెల్లువయై వచ్చినపుడు ఆ కాపలా చాలక, కార్టిసాలే ఉప్పును నిలిపి పొటాషియమును మూత్రములోనికి త్రోసివేయును. పోటు హెచ్చుటయు, నీరు పట్టుటయు, కండలు సడలుటయు దీని వెంటనే వచ్చును.

కార్టిసాల్ హెచ్చుటచే కలుగు వ్యాధికి హార్వే కుషింగ్ అను అమెరికను శస్త్రవైద్యుని పేరు నిలిచినది. 1932లో ఆయన ఈ వ్యాధికి పీయూషగ్రంథిలోని చిన్న గడ్డను కారణముగా చూపెను. దానికి ఒక సంవత్సరము ముందే, 1931లో, ఆటో లేటన్, హ్యూబర్ట్ టర్న్‌బుల్, బ్రాటన్ అను ఆంగ్లవైద్యులు ఇవే లక్షణములతో మరణించిన రోగియందు థైమస్ కేన్సరును కనుగొని ప్రకటించి యుండిరి. అయినను కుషింగ్ ప్రతిష్ఠ గొప్పది, పీయూషగ్రంథి వాదము సొగసైనది. థైమస్ కథ చాలకాలము వింతగా మిగిలిపోయినది. రొమ్ములోని గడ్డ అధివృక్కముల నెట్లు రెచ్చగొట్టునను ప్రశ్నకు సమాధానము 1962లో వచ్చినది. ఆ సంవత్సరము వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయములో గ్రాంట్ లిడిల్ బృందమువారు ఇట్టి గడ్డలను నూరి, వానిలోనే ఏ.సి.టి.హెచ్. ఉన్నదని చూపి, గడ్డలు తమది కాని హార్మోనును తయారుచేయగలవని నిర్ధారించిరి.

మన ప్రాంతపు అనుభవమును తెలిసికొనవలెనన్నచో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వైపు చూడవలెను. చిత్తూరు సీమనుండియు రాయలసీమ జిల్లాలనుండియు తెలుగువారు తరతరములుగా రైలెక్కి పోవు ఆస్పత్రి యది. పీయూషగ్రంథికి వెలుపల ఏ.సి.టి.హెచ్. పుట్టుచున్న 21 మంది రోగులను పదేండ్ల కాలములో పరీక్షించి, ఆ కళాశాల వైద్యులు 2017లో ప్రకటించిన పత్రములో, ఏడుగురికి గడ్డ థైమస్‌లోను, మరి యేడుగురికి ఊపిరితిత్తుల నాళములలోను ఉన్నట్లు చెప్పిరి. రోగులలో నూటికి తొంబదియైదుగురికి కండబలహీనత, తొంబదిమందికి నలుపు. గ్రంథములలో కుషింగ్ వ్యాధికి పెట్టనిగుర్తుగా వర్ణింపబడు బొజ్జ మాత్రము 21 మందిలో ముగ్గురికే కనబడినది. ఈ సంఖ్యలు నాకు మిక్కిలి ముఖ్యముగా తోచును. ఏలయన, గుండ్రని ముఖమును, లావైన పొట్టను, సన్నని కాళ్లను పటములలో చూచి నేర్చిన విద్యార్థి, ఎండిపోయి నల్లబడి లేవలేక యున్న మనిషి యెదురుపడినపుడు కుషింగ్ వ్యాధిని స్మరింపనే స్మరింపడు.

నిదానక్రమములో మొదటి ప్రశ్న గడ్డను గూర్చినది కాదు, మందును గూర్చినది. మన దేశములో కుషింగ్ రూపముతో కనబడువారిలో అత్యధికులకు ఆ రూపము బయటినుండి వచ్చిన స్టిరాయిడ్లవలన కలిగినది. కీళ్లనొప్పికి ఆర్.ఎం.పి. వైద్యుడు పొట్లము కట్టి యిచ్చిన పేరులేని మాత్రలు, ఆయాసమునకు వేయు సూదిమందులు, మొగము తెల్లబడుటకు రాచుకొను క్రీములు, నాటుమందను పేర అమ్మబడు చూర్ణములు, వీనిలో దేనియందైన డెక్సామెథసోనో ప్రెడ్నిసొలోనో ఉండవచ్చును. ‘స్టిరాయిడ్ వాడినావా?’ యని అడిగిన లేదనియే చెప్పుదురు, ఎరుగరు గనుక. ‘నొప్పికి ఏ మందు తింటివి, పొట్లము చూపు’ అని అడుగవలెను. ఈ పారిశ్రామికప్రాంతములో అడుగవలసిన రెండవ ప్రశ్న వృత్తిని గూర్చినది. కృత్రిమ స్టిరాయిడ్లను తయారుచేయు కర్మాగారములోని కార్మికుల స్వంత అధివృక్కములు ఆ పొడి సోకి మందగించినట్లు 1978లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పత్రము వెలువడినది. మందుల కర్మాగారముల నడుమ నివసించు రోగిని ‘ఏ కంపెనీ?’ అని మాత్రమే కాక, ‘ఏ సెక్షను? ఏ పొడి? మాస్కు పెట్టుకొందువా?’ అని కూడ అడుగుట వైద్యునికి ధర్మము. ఇట బుద్ధికి పరీక్ష యొకటి గలదు. డెక్సామెథసోన్ తినువాని రక్తములో కార్టిసాల్ తక్కువగా కనబడును, రూపము మాత్రము కార్టిసాల్ హెచ్చినవానిది. ప్రెడ్నిసొలోన్‌ను పెక్కు పరీక్షాపద్ధతులు కార్టిసాల్ అనియే భ్రమపడును. పొట్లము సంగతి తెలియక కాగితముపై అంకెలు చదువువాడు రెండువిధములను మోసపోవును.

బయటి మందు లేదని తేలినపిమ్మట, కార్టిసాల్ నిజముగా హెచ్చినదని ఋజువు చేయవలెను. దీనికి మూడు త్రోవలు. రాత్రి పదునొకండు గంటలకు ఒక మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మ్రింగించి మరునా డుదయము ఎనిమిది గంటలకు రక్తము తీయుట. ఆరోగ్యవంతుని కార్టిసాల్ డెసిలీటరునకు 1.8 మైక్రోగ్రాముల క్రిందికి దిగును, వ్యాధిగ్రస్తునిది దిగదు. అర్ధరాత్రివేళ లాలాజలములో కార్టిసాల్‌ను కొలుచుట. ఇరువదినాలుగు గంటల మూత్రమును ఒక్క చుక్క పోకుండ క్యానులో పట్టి కొలుచుట. షిఫ్టు డ్యూటీ చేయువానికి అర్ధరాత్రి పరీక్ష అర్థవిహీనము కావచ్చును, అతని దేహపు గడియారమే తారుమారైయుండును గనుక. మూత్రపు పరీక్ష అట్టివానికి మేలు. క్షయవ్యాధికి రిఫాంపిసిన్ తినుచున్నవానిలో డెక్సామెథసోన్‌ను కాలేయము త్వరత్వరగా హరించివేయుటచే, లేని కుషింగ్ ఉన్నట్లు కనబడును. మూర్ఛకు ఫెనిటాయిన్ తినువారిలోను ఇట్లే. క్షయ యింత విస్తారముగా నున్న దేశములో ఈ హెచ్చరికను గోడపై వ్రాసి పెట్టుకొనవలెను.

కార్టిసాల్ హెచ్చినదని తేలినచో, ఆజ్ఞ నిచ్చునది యేది? రక్తములో ఏ.సి.టి.హెచ్.ను కొలువవలెను. మిల్లీలీటరునకు 10 పికోగ్రాముల క్రింద నున్నచో అధివృక్కములే స్వతంత్రించినవి. 20కి పైన నున్నచో ఎచ్చటనో ఆజ్ఞాస్థానమున్నది. వాక్యము చిన్నది గాని, ఈ పరీక్ష వలె పాడగుటకు సులువైనది మరియొకటి లేదు. ఏ.సి.టి.హెచ్. గాజునకు అంటుకొనును, రక్తములోని ఎంజైములు దానిని ముక్కలుచేయును, వేడి ఆ పనిని త్వరపెట్టును. కనుక ఊదారంగు మూత గల ప్లాస్టిక్ ఇ.డి.టి.ఎ. గొట్టమును ముందుగనే మంచుముక్కలలో నుంచి, రక్తము తీసిన తక్షణమే మరల ఆ మంచులోనే గ్రుచ్చి, శీతలయంత్రములో గిరగిర త్రిప్పి, ప్లాస్మాను వేరుచేసి గడ్డకట్టించవలెను. మే నెలలో సేకరణకేంద్రపు కుర్రవాడు ఆ గొట్టమును మామూలు సంచిలో వేసికొని, ఆర్.సి.పురము మీదుగా లారీల నడుమ బండి నడుపుకొనుచు నగరమునకు చేర్చుసరికి, అందలి ఏ.సి.టి.హెచ్. కొంత నశించియుండును. 60 ఉండవలసినచోట పదికి లోపు వచ్చును. వైద్యుడు కడుపునకు స్కానింగు వ్రాయును. అధివృక్కములు రెండును ఉబ్బియుండుట చూచి, వానినే తప్పుపట్టును. రొమ్ములోని గడ్డ మరి కొన్నాళ్లు భద్రముగా నుండును. లక్షల ఖరీదుచేయు స్కానింగులకంటె, ఈ పరీక్షలో మంచుపెట్టెకు నేను ఎక్కువ గౌరవ మిత్తును.

ఏ.సి.టి.హెచ్. హెచ్చినదనుకొందము. అది పీయూషగ్రంథినుండియా, వేరొకచోటినుండియా? పీయూషగ్రంథియే దోషి యగుట పలుమారులు జరుగును గనుక తల స్కానింగునకు పంపుట సహజము. చిక్కు అచ్చటనే. ఏ బాధయు లేనివారిని వరుసగా నిలిపి ఎం.ఆర్.ఐ. తీసినను పదిమందిలో ఒకరికి పీయూషగ్రంథిలో చిన్న మచ్చ కనబడును. ఆ నిరపరాధియైన మచ్చను పట్టుకొని ముక్కు మార్గమున శస్త్రచికిత్స చేసినచో, పీయూషగ్రంథి పోవును, వ్యాధి నిలుచును. ఈ సందేహమును తీర్చుటకు తొడమూలపు సిరలనుండి రెండు సన్నని గొట్టములను పైకి నడిపి, పీయూషగ్రంథినుండి రక్తము దిగివచ్చు రెండు సిరలవరకు తీసికొనిపోయి, అచ్చటను చేతిసిరలోను ఒకేక్షణమున రక్తము తీసి, రెండుచోట్ల ఏ.సి.టి.హెచ్.ను పోల్చు పద్ధతిని అమెరికాలోని జాతీయ ఆరోగ్యసంస్థలలో ఎడ్వర్డ్ ఓల్డ్‌ఫీల్డ్ మొదలగువారు 1980లలో రూపొందించిరి. మెదడు చేరువ సిరలో చేతిసిరకంటె రెండురెట్లున్నచో, లేక ప్రేరేపించుమందు ఇచ్చినపిమ్మట మూడురెట్లున్నచో, దోషము పీయూషగ్రంథిది. తేడా లేకున్నచో దృష్టిని క్రిందికి దించవలెను. ఎనిమిది మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ పరీక్ష దీనికంటె పాతది, చవుకైనది. పీయూషపు గడ్డలు ఆ మోతాదునకు కొంత లొంగును, ఇతరములు లొంగవు అని సూత్రము. కాని థైమస్, ఊపిరితిత్తుల కార్సినాయిడ్లలో కొన్ని లొంగినట్లు నటించును.

ఇక రొమ్ము. సామాన్యపు ఎక్స్‌రేలో రొమ్ము ఎముక, గుండె, పెద్ద రక్తనాళములు ఒకదానిపై నొకటి పడి ఒకే తెల్లని నీడయగుటచే, నిమ్మకాయంత గడ్డ కూడ దానిచాటున దాగగలదు. సి.టి. స్కానింగు ఆ పొరలను విడదీసి చూపును. నీడ కనబడినంతమాత్రమున అది కార్సినాయిడ్ కాదు. ఆ చోటున సామాన్యపు థైమస్ కణితులు, లింఫోమాలు, బీజకణములగడ్డలు, మెడనుండి దిగివచ్చిన అవటుగ్రంథి వాపులు, మన దేశములో మరి ముఖ్యముగా క్షయ సోకిన లింఫుగ్రంథులు, అన్నియు కాపురముండును. కార్టిసాల్ హెచ్చినవానిలో రోగనిరోధకశక్తి చచ్చుబడుటచే క్షయ, బూజు మొదలగునవి ఊపిరితిత్తులకు సులువుగా పట్టును. రెండును ఒకేమారు ఉన్నవా డెదురైనపుడు కంగారుపడని వైద్యుడు అరుదు.

ఇచ్చట థైమస్ స్వభావమే నిదానమునకు తోడువచ్చు విచిత్రము చెప్పవలెను. 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యె, ఎలుకలను చలి, గాయము, విషము మొదలగు నానావిధబాధలకు గురిచేసి, బాధ యేదైనను వాని అధివృక్కములు పెరుగుటయు థైమస్ కృశించుటయు గమనించెను. కార్టిసాల్ థైమస్‌లోని లింఫోకణములను కరిగించును. కాబట్టి కార్టిసాల్ ముంచెత్తిన మనిషిలో థైమస్ ఎండి చిల్లపెంకువలె నుండవలెను. అట్టి మనిషిలో, ఆ చోటనే, గుండ్రని నీడ యొకటి నిండుగా కనబడినచో, అది థైమస్ గ్రంథి కాదు, థైమస్‌లో పుట్టిన గడ్డయే యని అనుమానించుటకు బలమైన హేతువు. తాను పుట్టిన గ్రంథినే తన హార్మోనుతో పరోక్షముగా ఎండగట్టు గడ్డ యిది.

ఈ సత్యమే తిరుగబడి వైద్యులను తప్పుదారి పట్టించిన సందర్భములును గలవు. వేరొకచోటి గడ్డను తీసివేసి కార్టిసాల్ సాధారణస్థితికి వచ్చిన కొన్ని నెలలకు, ఇంతకాలము అణగియున్న థైమస్ ఒక్కమారుగా తలయెత్తి పెరుగును. స్కానింగులో దానిని చూచి, వ్యాధి తిరుగబెట్టినదని మరల కత్తి చేబట్టుట జరిగినది. అపుడు ఏ.సి.టి.హెచ్.ను, కార్టిసాల్‌ను కొలిచి, రెండును తక్కువగా నున్నవని చూచినచో ఆ భయము తీరును. ఇంతకంటె విషాదకరమైనది ఇరువదవ శతాబ్దపు తొలిభాగములోని కథ. శవపరీక్షలు చాలవరకు దీర్ఘవ్యాధులతో కృశించి చనిపోయిన పేదపిల్లలపై జరుగుచుండెను. వారిలోని ముడుచుకొనిన థైమస్‌నే సహజమని పుస్తకములలో వ్రాసికొనిరి. ఆరోగ్యవంతుడైన శిశువు హఠాత్తుగా మరణించి, వానిలో నిండైన థైమస్ కనబడగా, అదే మృత్యుకారణమని నమ్మి, బ్రతికియున్న పిల్లల రొమ్ములపై ఎక్స్‌రేలు ప్రసరింపజేసిరి. అట్లు చికిత్స పొందినవారిలో కొందరికి పిమ్మట అవటుగ్రంథి కేన్సరు వచ్చినదని 1950లో డఫీ, ఫిట్జ్‌జెరాల్డ్ అను వైద్యులు ఎత్తిచూపిరి.

గడ్డ ఏ జాతిదో దూరమునుండియే ఊహించుటకు నేడు గాలియం స్కానింగు గలదు. ఈ గడ్డల కణముల పైపొరలపై సొమాటోస్టాటిన్ అను హార్మోనునకు చోటిచ్చు గ్రాహకములు విస్తారముగా నుండును. ఆ హార్మోనును పోలిన చిన్నపదార్థమునకు గాలియం-68 అను రేడియోధార్మికపరమాణువును తగిలించి సిరలోనికి ఎక్కించినచో, అది పోయి అచ్చట అతుకుకొని వెలుగును. ఈ గాలియం అరువదియెనిమిది నిమిషములలో సగమై పోవునది. కనుక దూరపు ఊరినుండి తెప్పించి వాడుటకు వీలులేదు, ఆస్పత్రిలోనే జర్మేనియం యంత్రమునుండి అప్పటికప్పుడు పాలు పితికినట్లు పితుకవలెను. కొల్లూరు రోగికి ఇందుకు హైదరాబాదు దాక పోక తప్పదు. ఈ స్కానింగులోను అన్ని గడ్డలును వెలుగవు. కార్టిసాల్ మితిమీరినచో ఆ గ్రాహకములే తగ్గిపోవుటయు గలదు.

కడపటి తీర్పు సూక్ష్మదర్శినిది. సూదితోనో శస్త్రముతోనో తీసిన ముక్కను రంగులద్ది చూచి, క్రోమోగ్రానిన్, సినాప్టోఫైసిన్ అను గుర్తులు పట్టినచో అంతస్స్రావజాతి యనియు, ఏ.సి.టి.హెచ్. రంగు పట్టినచో ఈ వ్యాధికి కారణమదియే యనియు నిర్ధారింతురు. పిమ్మట రెండు చదరపు మిల్లీమీటర్ల మేర విభజన చెందుచున్న కణములను లెక్కించుదురు. రెంటికంటె తక్కువగా నుండి కణనాశము కనబడకున్నచో సౌమ్యజాతి; రెండు మొదలు పదివరకు నున్నను, నాశమున్నను, మధ్యమజాతి; పదికి మించినచో ఉగ్రమైన కేన్సరు. థైమస్ గడ్డలలో మధ్యమజాతివే హెచ్చు. ఊపిరితిత్తులలో పుట్టిన తమ దాయాదులకంటె ఇవి దుష్టములు. మొదట చూచునాటికే ఎముకలకో ఊపిరితిత్తులకో ప్రాకియుండుట కలదు.

చికిత్సను గూర్చి విస్తరింపను. కార్టిసాల్ తయారీని అడ్డుటకు కీటోకొనజోల్ వంటి మందులిచ్చి, పొటాషియము నింపి, అంటురోగము లేకుండ చూచి, రొమ్ము ఎముకను నిలువున చీల్చి గడ్డను చుట్టునున్న కొవ్వుతోసహ తీసివేయుదురు. తీయ వీలులేనిచో, ఆజ్ఞను ఆపలేక, ఆజ్ఞను పాలించు అధివృక్కములనే రెంటిని తొలగించి ప్రాణము నిలుపుట గలదు. పదేండ్ల పిమ్మట కూడ తిరుగబెట్టుట యుండుటచే ఏటేటా పరీక్ష తప్పదు.

గడ్డ థైమస్‌దని తేలినవెంటనే చేయవలసిన అతిచవుకైన పరీక్ష యొకటి పలుచోట్ల మరువబడుచున్నది. అది రక్తములో కాల్షియము. ఈ గడ్డ గలవారిలో సుమారు నాల్గవవంతు మందికి, 1954లో పాల్ వెర్మర్ వర్ణించిన వంశపారంపర్యవ్యాధి మూలముగా నుండును. అందు పారాథైరాయిడ్, పీయూష, క్లోమగ్రంథులలో గడ్డలు లేచును. దానికి మూలమైన జన్యువు పదునొకండవ క్రోమోజోముపై నున్నదని 1997లో సెట్టర చంద్రశేఖరప్ప మొదటి రచయితగా అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల బృందము ప్రకటించినది. ఆ వంశములలో థైమస్ గడ్డలు విశేషముగా పురుషులకు, అందును పొగత్రాగువారికి పట్టును. అవి చాలవరకు ఏ హార్మోనును వెలువరింపక మౌనముగా పెరుగును గనుక ముఖము ఉబ్బదు, చర్మము నల్లబడదు, ఎవరికిని అనుమానము రాదు. ఏబదియేండ్లు నిండుసరికి ఆ జన్యుదోషమున్నవారిలో దాదాపందరికి కాల్షియము హెచ్చును. కాబట్టి మన కల్పిత రోగి కాల్షియము డెసిలీటరునకు 11.4 మిల్లీగ్రాములుగా, అనగా హెచ్చుగా, వచ్చినదనుకొందము, అపుడు వైద్యుని పని అతనితో ముగియదు. అతని అన్నదమ్ములను, బిడ్డలను పిలిపించి, వారి రక్తములోను కాల్షియము చూచి, జన్యుపరీక్ష చేయించి, దోషమున్నవారికి పదునైదవయేటినుండి ఏటికో రెండేండ్లకో ఒకమారు రొమ్మునకు సి.టి.యో ఎం.ఆర్.ఐ.యో తీయవలెనని 2012 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు చెప్పుచున్నవి. కాల్షియము పరీక్ష పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రిలోనే దొరకును. అన్న మంచముప్రక్కన నిలుచున్న తమ్ముని జేబులో బీడీకట్ట యున్నదో లేదో కూడ అప్పుడే చూడవలెను.